రూంలో వాఫిల్ చేసుకునే తీరు

వాఫిల్ అంటే రెండు వేడి పలకల నడుమ గళ్లుగళ్లుగా కాలే మందపాటి అట్టు. తోలులా సాగే వాఫిల్‌కూ, పైన కరకరలాడుతూ లోపల గుల్లగా ఉండే వాఫిల్‌కూ పిండిలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా పలకల వేడిలో, ఆవిరి పోయేదాకా ఆగడంలో ఉంటుంది. నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ (ఎంజీయూ) పిల్లలైనా, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ పిల్లలైనా, కిరాయి రూంలో ఉన్న సామానుతోనే ఇది చక్కగా కుదురుతుంది.

ముందు కరెంటు సంగతి చూసుకోండి. చిన్న వాఫిల్ మేకర్ సాధారణంగా 750 వాట్లు ఉంటుంది. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ 1,380 వాట్ల దాకా తట్టుకుంటుంది కాబట్టి అది ఒక్కటే అయితే ఇబ్బంది లేదు. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు 1,500 వాట్ల కెటిల్ కూడా పెడితే వైరు వేడెక్కి కాలిపోవచ్చు. అరగంట వాడితే అయ్యే ఖర్చు యూనిట్‌లో సగం కూడా ఉండదు. ఈ లెక్క చెప్పి ఓనర్‌ను ముందే అడగండి. హాస్టల్‌లో అయితే వార్డెన్ ఒప్పుకోనిదే పెట్టొద్దు. గ్యాస్ ఉన్నవాళ్లు స్టవ్వు మీద తిప్పే వాఫిల్ పాన్ కొనుక్కోవచ్చు. అల్యూమినియంది ఇండక్షన్ మీద వేడెక్కదు, ఇండక్షన్ ఉన్నవాళ్లు కొనేటప్పుడు అడుగుకు అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటేనే కొనండి.

తూకం లేకపోయినా కొలత కుదురుతుంది. అర లీటరు పాల ప్యాకెట్ ఏ గ్లాసుతో రెండున్నర గ్లాసులైతే అది 200 మిల్లీలీటర్ల గ్లాసు. దాంతో ఒక గ్లాసు మైదా (సుమారు 110 గ్రాములు, అదిమి నింపొద్దు), రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి, ఒకటింపావు చిన్న చెంచా బేకింగ్ పౌడర్, ఒక పెద్ద చెంచా చక్కెర, చిటికెడు ఉప్పు కలపండి. ఇంకో గిన్నెలో ఒక కోడిగుడ్డు, ముప్పావు గ్లాసు పాలు, మూడు పెద్ద చెంచాల నూనె గిలక్కొట్టి పొడిపిండిలో పోయండి. ఇరవై సార్లు కలిపితే చాలు, చిన్న చిన్న ఉండలు ఉన్నా ఫర్వాలేదు. నున్నగా అయ్యేదాకా కలిపితే మైదాలో జిగురు పెరిగి వాఫిల్ సాగుతుంది. పది నిమిషాలు పక్కన పెట్టండి. రాత్రి కలిపి పొద్దున కాల్చుకుందామంటే కుదరదు, బేకింగ్ పౌడర్ పొంగు పోతుంది. పాత డబ్బా అయితే చెంచాడు వేడినీళ్లలో వేయండి, బుసబుస పొంగకపోతే పారేయండి.

గుడ్డు తిననివాళ్లు దాని బదులు పావు గ్లాసు పుల్ల పెరుగు, రెండు చిటికెల వంటసోడా వేసుకోవచ్చు. జొన్నపిండి మైదాలో మూడో వంతు దాకా కలుస్తుంది. అంతకు మించితే పట్టి ఉంచే జిగురు చాలక, మూత తీయగానే వాఫిల్ రెండుగా చీలుతుంది. చక్కెర తీసేసి జొన్నపిండితో పాటు నువ్వులు, ఉల్లాకు, పచ్చిమిర్చి వేస్తే సర్వపిండి రుచి దగ్గరికొస్తుంది. దానికి పల్లినూనె బాగుంటుంది.

అసలు పని ఇప్పుడు. మేకర్‌ను ఖాళీగా ఐదు నిమిషాలు వేడి చేయండి. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. పలకలకు నూనె పలచగా రాసి, గంటెడు పిండి నడుమ పోసి మూత వేయండి. అంచుల దాకా పోస్తే పక్కలకు కారి కీలు దగ్గర మాడుతుంది. మొదట ఆవిరి జోరుగా తన్నుకొస్తుంది, మూడు నాలుగు నిమిషాలకు సన్నబడుతుంది. అది దాదాపు ఆగిపోయినప్పుడే మూత కదపాలి. లోపల తడి ఉండగా తీస్తే సగం పై పలకకు, సగం కింది పలకకు అంటుకుంటుంది. లైటు ఆకుపచ్చగా మారిందని తీయకండి, అది చెప్పేది పలక వేడి గురించే. సాయంత్రం వోల్టేజీ 200కు పడితే వేడి పావు వంతు తగ్గుతుంది, అప్పుడు ఇంకో రెండు నిమిషాలు ఆగాలి.

తీసినవాటిని ప్లేటులో ఒకదానిపై ఒకటి పేర్చొద్దు, వాటి ఆవిరికి అవే మెత్తబడతాయి. పుల్కా జాలి మీద పెట్టండి.

పైన వేసుకోవడానికి చాక్లెట్ సాస్ పిరమైతే బెల్లం కరిగించి వడగట్టుకోండి. సీతాఫలాల కాలంలో మాత్రం మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ రకం కాయ దొరికినప్పుడు ఇంకేదీ వద్దు. గింజలు తీసిన గుజ్జును చల్లగా, తినే ముందే వేయాలి. పిండిలో కలిపి కాలిస్తే చేదెక్కుతుంది.

కడిగేటప్పుడు మేకర్‌ను నీళ్లలో ముంచకండి. ప్లగ్ తీసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవండి. గాడిలో ఇరుక్కున్న పిండికి తడిగుడ్డ పరిచి ఐదు నిమిషాలు మూత వేస్తే నాని ఊడొస్తుంది. స్టీల్ చెంచాతో గీకితే పూత లేచిపోయి, ఆ గీతల దగ్గరే తర్వాతి వాఫిల్ అంటుకుంటుంది.