ఇన్సూరెన్స్ బ్రోకర్ అవ్వాలంటే ఏం కావాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

డిగ్రీ అయిపోయింది, ఇన్సూరెన్స్ బ్రోకర్ లైసెన్స్ తీసుకుందామనుకుంటున్నా, ఎగ్జామ్ ఎక్కడ రాయాలి అని చాలామంది అడుగుతుంటారు. ముందు ఒక విషయం తెలుసుకోండి, మన దేశంలో ఒక మనిషి పేరు మీద బ్రోకర్ లైసెన్స్ ఇవ్వరు. కంపెనీ గానీ, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ) గానీ, కోఆపరేటివ్ సొసైటీ గానీ అప్లై చేయాలి. ఇచ్చేది ఐఆర్‌డీఏఐ, అంటే ఇన్సూరెన్స్ రంగాన్ని నియంత్రించే సంస్థ, హెడ్డాఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. ఇప్పుడు నడుస్తున్నవి 2018 బ్రోకర్ రెగ్యులేషన్స్, మధ్యమధ్యలో మారుస్తుంటారు కాబట్టి అప్లై చేసేముందు వాళ్ళ సైట్‌లో తాజా కాపీ దించుకుని చదవండి, ఎవరో చెప్పింది విని డబ్బులు పెట్టకండి.

ఇన్ని రూల్స్ ఎందుకంటే, ఏజెంట్ ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు మనిషి, బ్రోకర్ మాత్రం కస్టమర్ తరఫున పనిచేయాలి. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజ్ ఉందనుకోండి, సీజన్‌లో మిర్చి స్టాక్ విలువ 10 కోట్లకి వెళ్ళింది, పాలసీ మాత్రం పాత లెక్కన 6 కోట్లకే ఉంది, అగ్ని ప్రమాదంలో కోటి రూపాయల సరుకు పోయిందంటే వచ్చేది కోటి కాదండి, యావరేజ్ క్లాజ్ పెట్టి, అంటే సరుకు విలువలో ఎంత వంతుకి పాలసీ ఉందో నష్టంలో కూడా అంతే వంతు లెక్కేసి, సుమారు 60 లక్షలే ఇస్తారు. ఈ సంగతి ప్రమాదం జరక్కముందే ఓనర్‌కి చెప్పి సమ్ ఇన్సూర్డ్ (పాలసీ తీసుకున్న మొత్తం) పెంచించడమే బ్రోకర్ పని. అది తెలియని వాడు బ్రోకర్ సీట్లో కూర్చుంటే నష్టపోయేది నమ్మి పాలసీ తీసుకున్నవాడు. అందుకే చదువు, ట్రైనింగ్ విషయంలో గట్టిగా ఉండటం న్యాయమే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతా.

ఇక డబ్బు సంగతి. డైరెక్ట్ బ్రోకర్ అంటే లైఫ్, జనరల్, లేదా రెండూ అమ్మేవాళ్ళు, వీళ్ళకి కనీస క్యాపిటల్ 75 లక్షలు. రీఇన్సూరెన్స్, అంటే ఇన్సూరెన్స్ కంపెనీలు తమ రిస్కుకి తీసుకునే ఇన్సూరెన్స్, దాని బ్రోకర్‌కి 4 కోట్లు, డైరెక్ట్, రీఇన్సూరెన్స్ రెండూ కలిపి చేసే కాంపోజిట్ బ్రోకర్‌కి 5 కోట్లు. ఇది అప్పు తెచ్చి చూపిస్తే కుదరదు, షేర్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకోడానికీ లేదు. ఇది కాక డైరెక్ట్ బ్రోకర్ అయితే బ్యాంకులో 10 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ పెట్టాలి, ఐఆర్‌డీఏఐ ఒప్పుకోకుండా దాన్ని ముట్టుకోలేరు. నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) కూడా 50 లక్షల కిందికి దిగకూడదు, కాబట్టి 75 లక్షలూ ఆఫీసు ఇంటీరియర్‌కీ జీతాలకీ ఖర్చు పెట్టేద్దాం అనుకుంటే మొదటి ఏడాదిలోనే ఇబ్బంది వస్తుంది. కంపెనీ పేరులోనే ఇన్సూరెన్స్ బ్రోకర్ అని గానీ బ్రోకింగ్ అని గానీ కనబడాలి, పక్కన రియల్ ఎస్టేటో చిట్ ఫండో అదే కంపెనీలో నడుపుతామంటే ఒప్పుకోరు. తప్పు సలహా వల్ల కస్టమర్ నష్టపోతే కట్టడానికి ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ కూడా బ్రోకరే తీసుకోవాలి.

మనుషుల విషయానికొస్తే, ప్రతి బ్రోకర్ కంపెనీకీ ఒక ప్రిన్సిపల్ ఆఫీసర్, అంటే బ్రోకింగ్ పనికి బాధ్యత వహించే ముఖ్య అధికారి ఉండాలి, ఆయన ఫుల్‌టైమ్. డిగ్రీ గానీ, ఎంబీఏ గానీ, సీఏ, సీఎస్, యాక్చువరీ లాంటి క్వాలిఫికేషన్ గానీ, ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వాళ్ళ అసోసియేట్ లేదా ఫెలో గానీ ఉంటే సరిపోతుంది. దాని మీద 50 గంటల ట్రైనింగ్, తర్వాత పరీక్ష, ఆ పరీక్ష పుణెలోని నేషనల్ ఇన్సూరెన్స్ అకాడమీ పెడుతుంది. ఇదే ఫీల్డ్‌లో చాలా ఏళ్ళు సీనియర్ పోస్టుల్లో చేసినవాళ్ళకి 25 గంటలు చాలు. ఇంకా అర్హతా ట్రైనింగూ ఉన్న బ్రోకర్ క్వాలిఫైడ్ పర్సన్స్ కనీసం ఇద్దరు ఉద్యోగంలో ఉండాలి. చీటింగ్, ఫోర్జరీ, నమ్మకద్రోహం లాంటి కేసుల్లో శిక్ష పడినవాళ్ళు డైరెక్టర్లుగా ఉంటే అక్కడితో ఆగిపోద్ది.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. ముందు కంపెనీ రిజిస్టర్ చేసి, ఫీజు కట్టి, మూడేళ్ళ బిజినెస్ ప్లాన్, ప్రమోటర్ల డబ్బు ఎక్కడిది అనే కాగితాలు అన్నీ పెడితే వాళ్ళు ప్రశ్నలు పంపుతారు, వాటికి టైముకి జవాబివ్వండి, చాలా ఫైళ్ళు ఇక్కడే నెలలు నెలలు ఆగిపోతాయి. అన్నీ నచ్చితే ముందు సూత్రప్రాయంగా ఓకే అంటారు, మిగిలిన షరతులు పూర్తిచేశాకే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అది చేతికి రాకముందు ఒక్క పాలసీ కూడా అమ్మొద్దు.

మరి 75 లక్షలు లేనివాళ్ళ సంగతేంటి? నిజం చెప్పాలంటే ఇది చదివే చాలామందికి పనికొచ్చే దారి ఇదే. పదో తరగతి పాసై 18 ఏళ్ళు నిండితే పీఓఎస్‌పీ (పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్) అవ్వొచ్చు, అంటే ఒక బ్రోకర్ కింద గానీ ఇన్సూరెన్స్ కంపెనీ కింద గానీ బండి, కారు, ట్రావెల్, పర్సనల్ యాక్సిడెంట్ లాంటి సింపుల్ పాలసీలు అమ్మే మనిషి. 15 గంటల ట్రైనింగ్, చివర్లో పరీక్ష, అదంతా మిమ్మల్ని చేర్చుకున్న బ్రోకరో కంపెనీయో చూసుకుంటుంది. డిగ్రీ ఉంటే బ్రోకర్ కంపెనీలో ఉద్యోగంలో చేరి, వాళ్ళ ద్వారానే ట్రైనింగ్ చేసి క్వాలిఫైడ్ పర్సన్ అవ్వండి, క్లెయిమ్స్ డిపార్ట్‌మెంట్‌లో అవకాశం వస్తే వదలొద్దు, నష్టం ఎంతో లెక్కగట్టే సర్వేయర్ల రిపోర్టులు చదివితే వచ్చే పట్టు ఏ క్లాసులోనూ రాదు. బాగా లోతుగా చదవాలంటే హైదరాబాద్‌లోనే ఐఐఆర్‌ఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇన్సూరెన్స్ అండ్ రిస్క్ మేనేజ్‌మెంట్) ఉంది, 2002లో ఐఆర్‌డీఏ (ఇప్పటి ఐఆర్‌డీఏఐ), అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి పెట్టిన సంస్థ.

ఏ దారిలో వెళ్ళినా ఒకటి మాత్రం చేయొద్దు. మొదటి ప్రీమియంలో సగం నేనే కడతా, కమిషన్‌లో వాటా ఇస్తా అని కస్టమర్‌ని పట్టుకోవడం మన ఊళ్ళల్లో మామూలైపోయింది, కానీ ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 41 కింద అది నేరం, 10 లక్షల దాకా పెనాల్టీ పడొచ్చు. ఎవరి దగ్గరైనా పీఓఎస్‌పీగా చేరేముందు కూడా ఆ బ్రోకర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ ఐఆర్‌డీఏఐ సైట్‌లోని లిస్టులో ఉన్నాయో లేదో, ఆ రిజిస్ట్రేషన్ ఇప్పటికీ చెల్లుతోందా అన్నది చూసుకున్నాకే పాన్, ఆధార్ కాపీలు ఇవ్వండి.