ఆటలో మాట: రోల్ ప్లేయింగ్ ఆటలకు సంభాషణ రాయడం – 4వ పాఠం

గత పాఠంలో మన కంప్యూటర్ ఆట కోసం మక్తల్ వైపు ఒక ఊరిని, కూలీలను పోగుచేసి దూరప్రాంతాల పనులకు తీసుకుపోయే ఆ ఊరి గుంపు మేస్త్రిని, ఆయన దగ్గర 30,000 రూపాయల అడ్వాన్సు తీసుకున్న ఒక కూలీ కుటుంబాన్ని సిద్ధం చేసుకున్నాం. ఆటగాడు నడిపించే పాత్ర ఆ కూలీ పెద్ద కూతురు. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చింది. తండ్రి కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. పుణె పోయే బస్సు తెల్లవారితే కదులుతుందనగా మేస్త్రి వాకిట్లోకి వచ్చి నిలబడి ఇలా అంటాడు:

"బిడ్డా, నాయిన లేడా? పొద్దుగాల బస్సు ఎల్తది. మనిషన్నా రావాలె, పైసలన్నా రావాలె."

ఈ మాటకు ఆ అమ్మాయి ఏ జవాబులు ఇవ్వగలదో రాయడమే ఈ పాఠం.

కొత్తగా రాసేవారు సాధారణంగా మూడు జవాబులతో మొదలుపెడతారు. ఒకటి వినయంగా గడువు అడుగుతుంది, ఒకటి కోపంగా బయటికి పొమ్మంటుంది, ఒకటి "ఏం పని? ఎక్కడ?" అని వివరాలు అడుగుతుంది. ఈ పద్ధతికి పెద్ద ఆటలే దారి చూపాయి. 2007లో వచ్చిన 'మాస్ ఎఫెక్ట్'లో జవాబులు ఒక చక్రం చుట్టూ అమరి ఉంటాయి: సౌమ్యమైనది పైన, కరుకైనది కింద, వివరాలు అడిగేవి ఎడమ పక్కన. ఆ ఆటలో ఎన్నో గొప్ప సన్నివేశాలు ఉన్నాయి, కాని ఆ అమరికకు అలవాటుపడిన ఆటగాడు కొంతసేపటికి వాక్యాన్ని చదవడం మానేసి దాని స్థానాన్ని చూసి నొక్కుతాడు. మంచివాడిగా ఆడాలని ముందే తేల్చుకున్నవాడికి ఇక ప్రతి సంభాషణలోనూ నిర్ణయించడానికి ఏమీ మిగలదు. వినయం, కోపం అనేవి స్వభావాలు మాత్రమే. ఆ రెండింటి వల్ల మేస్త్రి ముందున్న పరిస్థితి మారదు.

కాబట్టి వాక్యం రాయడానికి ముందు, ఆ వాక్యంతో అమ్మాయి ఏ పని చేస్తున్నదో పక్కన ఒక్క ముక్కలో రాసుకోండి. రెండు జవాబుల పక్కన ఒకే పని కనిపిస్తే ఒకదాన్ని కొట్టేయండి. నేను రాసుకున్న నాలుగు ఇవి:

"నాయిన కాలు జూస్తివా చిన్నాయినా? గీ కాలుతోని కంకర మోస్తడా?" – జాలి కోరడం.

"నాయిన బదులు నేనొస్త. కని బుక్కుల నా పేరు ఏరే రాయ్." – బేరం.

"పోయినేడు ఆఖరి నెల కూలి నువ్వియ్యలే. ముందుగాల బుక్కు తీయ్, లెక్క జూద్దాం." – నిలదీయడం.

"రేపు పొద్దుగాల బస్సుకాడ ఉంటడు తియ్." – మాట ఇవ్వడం.

మూడో జవాబు అందరికీ కనిపించకూడదు. అంతకుముందు దృశ్యంలో తండ్రి ట్రంకు పెట్టె తెరిచి, అందులోని చిన్న నోట్‌బుక్ చదివిన ఆటగాడికే అది దొరకాలి. ఆటలో తాను చేసిన పని వల్ల నోటికి ఒక కొత్త మాట వచ్చిందని తెలిసినప్పుడు కలిగే తృప్తి, కత్తికి పదును పెరిగినప్పుడు కలిగే తృప్తి కంటే తక్కువది కాదు. 1997 నాటి 'ఫాల్‌అవుట్' ఇదే సూత్రాన్ని తిరగేసి వాడింది: పాత్రకు తెలివి బాగా తక్కువగా పెట్టుకుంటే నోట సరైన వాక్యమే రాదు, ఎదుటివాళ్లు కూడా దానికి తగ్గట్టే మాట్లాడతారు.

నాలుగో జవాబు దగ్గర కాస్త ఆగాలి. విరిగిన కాలుతో తండ్రి రాలేడని ఆటగాడికి తెలుసు. మరి ఆ మాట ఇస్తున్న అమ్మాయి మనసులో ఏముంది? ఎలాగైనా ఇంకొకరిని పంపాలనుకుంటున్నదా, లేక రాత్రికి రాత్రి తండ్రిని తీసుకొని ఊరు దాటాలనుకుంటున్నదా? పైకి వాక్యం ఒకటే, లోపలి ఉద్దేశాలు రెండు. 1999లో వచ్చిన 'ప్లేన్‌స్కేప్: టార్మెంట్' దీనికి చక్కని ఉపాయం కనిపెట్టింది: ఒకే వాక్యాన్ని రెండుసార్లు చూపించి, ఒకదాని ముందు నిజమని, మరొకదాని ముందు అబద్ధమని గుర్తు పెట్టింది. వింటున్నవాడికి తేడా తెలియకపోయినా ఆడుతున్నవాడికి తన మనసు తనకు తెలుస్తుంది. మన నాలుగో జవాబును కూడా ఇలాగే రెండుగా చీల్చండి.

మన పల్లె సంభాషణలో ఇంకొక అవకాశం ఉంది, దాన్ని వదులుకోవద్దని నా గట్టి అభిప్రాయం. అదే అమ్మాయి "చిన్నాయినా" అని పిలిస్తే మేస్త్రి ఇంటి మనిషి అవుతాడు. "మేస్త్రీ" అంటే అప్పు ఇచ్చినవాడుగా మిగిలిపోతాడు. నిలదీసే మూడో జవాబును ఈ రెండు పిలుపులతో విడివిడిగా రాసి, మేస్త్రి ప్రతిస్పందన ఎక్కడ మారుతుందో చూడండి. చిన్నాయినా అని పిలిచి లెక్క అడిగితే ఆయన సిగ్గుపడతాడు. మేస్త్రీ అని పిలిచి అడిగితే నలుగురిని పిలిపించి పంచాయతీ పెట్టిస్తాడు.

ఇక మేస్త్రి మాటలు. ప్రతి జవాబుకూ ఆయన నుంచి మనకు ఇంతవరకూ తెలియని ఒక సంగతి బయటికి రావాలి. జాలి కోరినప్పుడు ఆయన ఇలా అంటాడు:

"జూసిన బిడ్డా. నేను జూస్తే ఏమైతది, కంట్రాక్టరు జూడాలె గద. ఇరవై మంది పేర్లు రాసిచ్చి పైసలు దెచ్చిన. ఒక్కడు తక్కువైతే నా కూలిలకెళ్లి కోస్తడు."

ఇప్పుడు వాకిట్లో నిలబడ్డవాడు కూడా ఇరుక్కున్నవాడేనని తెలిసింది. తరువాతి జవాబు ఎంచుకోవడం ఆటగాడికి మరింత కష్టమవుతుంది, మనకు కావలసిందీ అదే.

జవాబు విఫలమయ్యే చోట కూడా ఇంతే శ్రద్ధ కావాలి. 2019 నాటి 'డిస్కో ఎలీసియం'లో ప్రయత్నం ఫలిస్తుందో లేదో తేల్చే పరీక్షలు రెండు పాచికల మీద జరుగుతాయి. వాటిలో ఎర్ర రంగువి ఒక్కసారే ప్రయత్నించగలిగినవి, అయినా ఓడిపోయినప్పుడు వచ్చే రాత గెలిచినప్పటి రాతకు ఏమాత్రం తీసిపోదు. బేరం చెడితే "నీకు గాదు పో" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకండి. అమ్మాయి మాట విని లోపలి నుంచి తండ్రి కేకేయాలి, తల్లి అడ్డం రావాలి, కథ మరో వైపు తిరగాలి.

నాలుగేసి జవాబులు మూడు దఫాలు వస్తే 64 దారులు అవుతాయి. ఎవరూ అన్నీ రాయలేరు. అందుకే దారులను మళ్లీ కలపాలి: ఏది ఎంచుకున్నా తెల్లవారి బస్సు దగ్గరికే చేరాలి, కాని నోట్‌బుక్ చదివిందా, ఏ పిలుపు వాడింది, ఇచ్చిన మాట నిజమా అన్న మూడు గుర్తులు వెంట రావాలి. ఇలా దారులు చీలే కథలు రాయడానికి 2016 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్న 'ఇంక్' అనే స్క్రిప్టు భాషలో ఇది సులువు. అందులో నక్షత్రం గుర్తుతో (*) రాసిన జవాబు ఒక్కసారే కనిపిస్తుంది, కూడిక గుర్తుతో (+) రాసినది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. సంభాషణ తెలుగులోనే రాసి, వెంట వచ్చే ఆ మూడు గుర్తుల పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోండి.

ఐదో పాఠం బస్సు దగ్గర మొదలవుతుంది. అప్పటికి మిగిలిన మూడు జవాబులకు మేస్త్రి ఏమంటాడో రాసి ఉంచండి. ఒక్కొక్కటి మూడు వాక్యాలకు మించకూడదు. రాసినవి పైకి చదివి, ఆ ప్రాంతంలో ఎవరి నోటా రాని మాట ఏదైనా దొర్లితే తీసేయండి.