స్నార్కెలింగ్‌కి మంచి చోటు కావాలా? ముందు గాలి చూడండి

స్నార్కెలింగ్ అంటే మాస్క్, గాలి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కింది పగడాల్నీ చేపల్నీ చూడటం. ఒక ద్వీపంలో అందరూ తెగ మెచ్చుకున్న బీచ్‌లో అలా మొదటిసారి దిగినప్పుడు, మాస్క్ ముందు చెయ్యి చాపితే నా వేళ్లే నాకు సరిగ్గా కనపడలేదు. అంతా ఇసుక రేగిపోయి ఉంది. ఉక్రోషంతో మధ్యాహ్నం ద్వీపానికి అటువైపు వెళ్లాను. అక్కడ గొంతు లోతు నీళ్లలో నిలబడితే కాలి గోళ్లు కనిపించాయి. పొద్దున గాలి నేరుగా మొదటి బీచ్ మీదికి కొడుతోంది, నేను గమనించలేదు, అంతే.

అప్పటి నుంచి ఏ ద్వీపానికి వెళ్లినా ముందు అడిగేది గాలి గురించే. ఉష్ణమండలంలో చాలా ద్వీపాలకు ఏడాదిలో ఎక్కువ కాలం తూర్పు నుంచే గాలి వీస్తుంది కాబట్టి పడమటి ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. కరీబియన్‌లోని బొనేర్ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ పడమటి తీరం వెంట రోడ్డు పక్కన పసుపు రంగు పూసిన రాళ్ల మీద స్పాట్ పేర్లు రాసి ఉంటాయి. కారు ఆపి, రాయి చూసుకుని, నీళ్లలోకి దిగిపోవడమే. రుతుపవనాలు వచ్చే చోట మాత్రం లెక్క మారుతుంది. థాయ్‌లాండ్‌లో సిమిలన్ దీవులను ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. హవాయిలో ఒవాహు ఉత్తర తీరాన ఉన్న షార్క్స్ కోవ్ వేసవిలో చెరువులా ఉంటుంది, చలికాలంలో అక్కడ పెద్ద పెద్ద అలలు విరుచుకుపడతాయి. అంటే స్పాట్ పేరొక్కటే తెలిస్తే సరిపోదు, ఏ నెలలో వెళ్తున్నారో కూడా చూసుకోవాలి.

బీచ్‌కి చేరగానే నీళ్లలోకి దూకకండి. ఎత్తుగా ఉన్న చోట ఒక పావుగంట కూర్చుని చూడండి. లేత ఆకుపచ్చగా కనిపించేది ఇసుక. గోధుమ రంగు మచ్చలు ఉన్నచోట పగడాలు గానీ సముద్రపు గడ్డి గానీ ఉంటాయి. గడ్డి అయితే అంచులు చెదిరి, పరుపు పరిచినట్టు ఒకేలా కనిపిస్తుంది. పగడాలైతే ముక్కలు ముక్కలుగా, అంచులు స్పష్టంగా ఉంటాయి. దూరంగా తెల్లటి నురగ గీత కనిపిస్తే అది పగడపు దిబ్బ అంచు, దానికి ఇవతలే మీ పని. వాగు కలిసే చోటును వదిలేయండి. మంచినీళ్లూ బురదా పగడాలకు పడవు. పెద్ద వాన పడితే నేనైతే రెండు రోజులు ఆగుతాను.

ఆ నురగ గీతలో ఒకచోట అలలు విరగకుండా, ముదురు నీలంగా, నిమ్మళంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు "ఇదే బాగుంది" అనుకునేది దాన్నే! లోపలి నీళ్లన్నీ సముద్రంలోకి పారే దారి అది. ఒకసారి ఆటు సమయంలో ఒక చేప వెంట పడి అలాంటి దారి దగ్గరికి వెళ్లాను. కాళ్లు ఆడిస్తూనే ఉన్నాను, కింద ఉన్న పగడం మాత్రం ముందుకు జరిగిపోతోంది. అప్పుడు పుట్టిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఎదురీదితే ఆయాసమే మిగులుతుంది. ప్రవాహానికి అడ్డంగా, పక్కకి ఈదాలి. నేను అలాగే బయటపడ్డాను.

టైమ్ విషయానికొస్తే, పోటు పూర్తిగా రావడానికి గంట ముందు దిగండి. బయటి సముద్రం నుంచి తేట నీళ్లు లోపలికి వస్తుంటాయి, పైగా పగడాల మీద మీ పొట్ట గీసుకుపోకుండా కాస్త లోతూ ఉంటుంది. ఆ పోటు పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య పడితే ఇంకేం కావాలి! గాలి ఇంకా పుంజుకోదు, ఎండ లోపలిదాకా దిగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ప్రవాహాలు జోరుగా ఉంటాయి, అప్పుడు కొత్త చోట్ల ప్రయోగాలు వద్దు.

లోతు కోసం ఆశపడకండి. నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపు రంగునే, కాబట్టి రెండు మూడు మీటర్ల లోతులోనే పగడాల అసలు రంగులు కనిపిస్తాయి. అలాంటి చోట కదలకుండా తేలుతూ చెవులు పెట్టి వినండి. పలక మీద సుద్దముక్కలు విరుస్తున్నట్టు కరక్ కరక్‌మని వినిపిస్తే దగ్గర్లో చిలుకచేప ఉన్నట్టే. చిలుక ముక్కులాంటి పళ్లతో రాయిలాంటి పగడాన్ని గీకి తింటుంది. ఒక్క నిమిషం వెనకాలే ఉంటే తోక కింద నుంచి తెల్లటి పొగలా ఏదో రాలుతుంది. అది ఇసుక! మీరు చెప్పులు విప్పి నడిచిన తెల్లటి బీచ్‌లో అలా వచ్చింది చాలానే ఉంటుంది.

మాస్క్‌ని పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. పడిపోకుండా అంటుకుంటే అది మీ సైజే. నాలాంటి మీసాలవాళ్లకు ఎలాగూ కొంచెం కారుతుంది, పై పెదవి దగ్గర వాసెలిన్ రాస్తే నయం. వీపుకి సన్‌స్క్రీన్ బదులు ఫుల్ హ్యాండ్స్ టీషర్ట్ వేసుకోండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి నిషేధించింది, పగడాలకు హాని అని.

ఒంటరిగా దిగకండి. దిగేముందు వెనక్కి తిరిగి ఒడ్డున ఒక గుర్తు పెట్టుకోండి, వంగిన చెట్టో, రంగు గోడో. ప్రతి ఐదు నిమిషాలకీ తల పైకెత్తి అది ఎక్కడుందో చూసుకోండి. పక్కకి జరిగిపోయిందంటే మిమ్మల్ని ప్రవాహం లాగుతున్నట్టే. ఆరోజు కింద ఎంత మంచి చేప ఉన్నా సరే, ఒడ్డుకి వచ్చేయండి.