టెక్సస్‌లో ఇంటి క్లెయిమ్, 3వ పాఠం: తలుపు తట్టినవాడికి లైసెన్స్ ఉందా?

పోయిన పాఠంలో మీ పాలసీలో డిడక్టిబుల్ (నష్టంలో మీరు భరించాల్సిన వాటా) ఎంతో వెతికి రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఇవాళ పనుంది.

డల్లాస్, ఫ్రిస్కో వైపు వడగళ్లు పడితే ఏం జరుగుతుందో అక్కడివాళ్లకు తెలిసిందే. నిచ్చెన కట్టుకున్న ట్రక్కు వీధిలోకి వస్తుంది. రూఫ్ ఫ్రీగా చూస్తాం అంటారు. ఇన్సూరెన్స్ సంగతీ మేమే చూసుకుంటాం అంటారు. మొదటి మాటతో ఇబ్బంది లేదు. రెండోదాని దగ్గరే ఆగాలి.

నష్టం లెక్కగట్టి క్లెయిమ్ తేల్చేవాళ్లను అడ్జస్టర్లు అంటారు. వాళ్లు మూడు రకాలు. ఒకరు ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగి. ఇంకొకరు ఇండిపెండెంట్ అడ్జస్టర్. పేరు చూసి మనవాడనుకోకండి, అతనికీ డబ్బిచ్చేది కంపెనీయే. మన తరఫున బేరమాడేది పబ్లిక్ అడ్జస్టర్ ఒక్కడే. అతనికి టెక్సస్ ఇన్సూరెన్స్ శాఖ ఇచ్చే ప్రత్యేక లైసెన్స్ ఉండాలి, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, ఫీజు క్లెయిమ్ సొమ్ములో 10 శాతం దాటకూడదు.

మరి రూఫ్ వేసే రూఫర్? తాను రిపేర్ చేసే, చేయబోయే ఇంటి క్లెయిమ్‌లో అతను పబ్లిక్ అడ్జస్టర్‌గా వ్యవహరించకూడదు. లైసెన్స్ ఉన్నా సరే! బిల్లు పెరిగితే లాభపడేవాడే మీ తరఫున బేరానికి కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ చట్టం మా వాక్ స్వేచ్ఛకు అడ్డం అంటూ స్టోన్‌వాటర్ రూఫింగ్ అనే సంస్థ కోర్టుకెక్కింది. 2024 జూన్‌లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. రూఫర్ రూఫ్‌కి తగిలిన దెబ్బలు చూపించవచ్చు, ఎస్టిమేట్ ఇవ్వవచ్చు, తన రేటు ఎందుకంతో చెప్పవచ్చు. అంతవరకే.

ఇప్పుడు అభ్యాసం. ట్యాబ్లెట్ చేతికిచ్చి "ఇన్‌స్పెక్షన్‌కి పర్మిషన్ మాత్రమే, సంతకం పెట్టండి" అన్నారనుకోండి. మొత్తం కాగితం ఈమెయిల్ చేయమనండి. అందులో ఇలాంటి వాక్యం కోసం వెతకండి: "యజమాని తరఫున ఇన్సూరెన్స్ కంపెనీతో చర్చించి క్లెయిమ్ పరిష్కరించే అధికారం మాకు ఇస్తున్నారు." రూఫింగ్ ఒప్పందంలో అది కనిపిస్తే సంతకం పెట్టకండి.

అడ్జస్టర్‌నని చెప్పుకునేవాడైతే పూర్తి పేరు, లైసెన్స్ నంబర్ అడగండి. విజిటింగ్ కార్డు చాలదు. ఇన్సూరెన్స్ శాఖ సైట్‌లో మీరే కొట్టి చూడండి. పేరు కనిపించగానే ఊపిరి పీల్చుకోకండి, లైసెన్స్ రకం దగ్గర పబ్లిక్ అడ్జస్టర్ అనే ఉందా? కంపెనీల తరఫున పనిచేసేవాళ్ల లైసెన్స్ వేరు, చాలామంది పొరపడేది అక్కడే.

ఇక ఆ డిడక్టిబుల్ కాగితం తీయండి. ఇంటి కవరేజీ 4 లక్షల డాలర్లు, వడగళ్ల డిడక్టిబుల్ 2 శాతం అయితే మీ చేతి నుంచి పెట్టాల్సింది 8,000 డాలర్లు. "అది మేం మాఫీ చేస్తాం" అనే ఆఫర్ తియ్యగానే ఉంటుంది. 2019 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం కాంట్రాక్టర్‌కి అది నేరం. పైగా మీరు కట్టినట్టు రుజువు చూపమని కంపెనీ అడగవచ్చు.

వచ్చే పాఠంలోపు మీ పాత రూఫ్ ఒప్పందం తీసి, "తరఫున" అనే అర్థం వచ్చే ప్రతి మాట కింద గీత గీయండి. ఎస్టిమేట్‌లో తరుగుదల లెక్క అప్పుడు చూద్దాం.