బుల్లెట్ కిక్కుకి పలకకపోతే: పాయింట్ల బండిలో కరెంటు వెతకడం

మాది లాసన్స్ బే కాలనీ, సముద్రం దగ్గరే. ఉప్పుగాలికి ఇంటి గేటే నిలవదు, ఇక పాత బుల్లెట్ 350 వైర్ల సంగతి చెప్పక్కర్లేదు. విశాఖలో ఇలాంటి బండి మొరాయిస్తే నా అనుమానం మొదట కాయిల్ (స్పార్క్‌కి కావలసిన ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది) మీదికి పోదు, వైరు అతుకుల మీదికి పోతుంది. కింద రాసినదంతా పాయింట్లున్న (కాయిల్ కరెంటుని కలిపి తెంచే రెండు చిన్న లోహపు ముక్కలు) 12 వోల్టుల బండికే. ట్యాంకులో పెట్రోలుందో లేదో, పెట్రోలు కాక్ తెరిచి ఉందో లేదో ముందు చూసుకోండి. నవ్వకండి, నేనూ మర్చిపోయాను.

సమస్య: ఎన్ని కిక్కులు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు

ప్లగ్ విప్పే ముందు హెడ్‌లైటు దగ్గరున్న అమీటర్ (కరెంటు చూపించే ముల్లు మీటరు) చూడండి. లైట్లు ఆపి, తాళం ఆన్ చేసి, డికంప్రెషర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే లివర్) నొక్కి పట్టుకుని కిక్కర్‌ని నెమ్మదిగా దించండి. పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు కొంచెం వాలాలి, విడిపోగానే సున్నాకి రావాలి. ఆ ముల్లు సగం జబ్బు చెప్పేస్తుంది.

ముల్లు కదలకపోతే హారన్ కొట్టండి. గొంతు పోయినట్టు మోగితే బ్యాటరీ సంగతి చూడాలి. ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ 12.4 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే చార్జింగ్ పెట్టండి. అసలు మోగకపోతే ఫ్యూజు, తాళం స్విచ్, ఎర్త్ వైరు వరుసగా చూడండి. గట్టిగా మోగితే పాయింట్ల మధ్య మసి చేరి ఉండొచ్చు. తాళం ఆపి, సన్న ఎమ్రీ కాగితంతో రెండు మూడుసార్లు రుద్ది, విజిటింగ్ కార్డు ముక్కని వాటి మధ్య నుంచి లాగండి. కార్డు మీద నల్ల గీత పడనంతవరకూ లాగాల్సిందే. తర్వాత పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులు) 0.35 నుంచి 0.40 మి.మీ. గ్యాప్ పెట్టండి.

ముల్లు మైనస్‌లోనే ఉండిపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేదా వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. కొత్త పాయింట్లు వేసిన వెంటనే ఇలా అయితే పాయింట్లు బాడీకి తగలకుండా ఆపే ఫైబర్ వాషర్ తారుమారైందని అనుకోవచ్చు. పాయింట్ల మధ్య మెరుపు రాకుండా ఆపే కండెన్సర్ షార్టయినా ఇంతే. దాని వైరు తీసి మళ్లీ కిక్కర్ దించితే ముల్లు ఆడిందా, దొంగ దొరికాడు.

తాళం ఆన్‌లో వదిలేసి టీకి వెళ్లొద్దు. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ కాలుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

సమస్య: ముల్లు ఆడుతోంది, బండి మాత్రం లేవట్లేదు

ప్లగ్ విప్పి క్యాప్‌కి తగిలించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా ఇంజిన్ హెడ్ మీద ఆనించి కిక్ కొట్టండి. ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, జాగ్రత్త. నీలంగా చిటుక్కుమంటే స్పార్క్ బాగున్నట్టే. పసుపుగా, నీరసంగా ఉంటే ముందు కొత్త ప్లగ్, తర్వాత క్యాప్ మార్చి చూడండి. అప్పటికీ తేడా లేకపోతే చీకట్లో పాయింట్లు చూడండి. అక్కడే పెద్దగా మెరుస్తుంటే కండెన్సర్ పోయింది. కాయిల్ వంతు ఆ తర్వాతే.

ఈ వరుస నాకు డబ్బు పోయాకే తెలిసింది. ఒక వానాకాలం బండి ఆగిపోతే ఒక షాపులో కాయిల్ మార్చారు. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. చివరికి బ్యాటరీ ఎర్త్ బోల్టు విప్పితే వాషర్ కింద తెల్లగా, పచ్చగా చిలుము, అటుకుల్లా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వేజలీన్ పూశాను. మొదటి కిక్కుకే లేచింది.

సమస్య: చల్లగా ఉంటే బాగుంటుంది, వేడెక్కితే ఆగిపోతుంది

సింహాచలం కొండ ఎక్కుతుంటే సగంలో ఆగి, అరగంట ఆగితే మళ్లీ లేస్తుందా? కండెన్సర్ లేదా కాయిల్ వేడికి తెగుతోందన్నమాట. కానీ ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోయినా ఇలాగే ఆగుతుంది. ఆగగానే మూత తెరిచి చూడండి, సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంటే స్పార్క్‌ది తప్పు కాదు.

సమస్య: కిక్కర్ తిరగబడి కాలికి తగులుతోంది

టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, ముందుకి పోయింది. పాయింట్ల గ్యాప్ ఎక్కువైనా, పాయింట్లుండే డిస్ట్రిబ్యూటర్‌లో, వేగాన్ని బట్టి స్పార్క్‌ని ముందుకి జరిపే అడ్వాన్స్ బరువులు తుప్పుకి బిగుసుకుపోయినా ఇంతే. బరువులు కడిగి, ఒక్క చుక్క ఆయిల్ చాలు. ఎక్కువైతే పాయింట్ల మీదికి ఎగురుతుంది.

సమస్య: వానలో మిస్సింగ్ (ఇంజిన్ తడబడటం)

రాత్రిపూట ఇంజిన్ ఆన్‌లో ఉంచి ప్లగ్ క్యాప్, దానికి వచ్చే లావు వైరు మీద కొంచెం నీళ్లు చిలకరించండి. చేత్తో ముట్టుకోవద్దు. నీలి మెరుపు పాకిన చోటే చీలిక ఉంది, ఆ భాగం మార్చేయడమే.

నా టూల్‌బాక్సులో ఇప్పుడొక కండెన్సర్, ఎమ్రీ ముక్క, ఫీలర్ గేజ్ ఉంటాయి. షాపులో తీసేసిన ఆ పాత కాయిల్ కూడా ఉంది. మొన్న బిగించి చూస్తే చక్కగా పనిచేస్తోంది.