ఎముక చేపలు – 4వ పాఠం: శీలావతి, జిలేబి పక్కపక్కన

గత పాఠం సొరచేపల మృదులాస్థి దగ్గర ఆగింది. ఈసారి పని కత్తెరతో. తిరుపతి మార్కెట్లో ఒక శీలావతి (రోహు), ఒక జిలేబి (తిలాపియా) కొనండి. ఒక్కోటి అరకిలో ఉంటే చాలు. బేరం కుదరకముందే పొలుసు తీయొద్దని, కడుపు కోయొద్దని చెప్పాలి. లేకపోతే డబ్బు చేతికందేలోపే గీకేస్తారు. ఐసులో తెచ్చి రెండు మూడు గంటల్లో ముగించండి. మన ఎండకు మొదట మెత్తబడేవి పేగులు, వాటి వెనకే గాలితిత్తి, అంటే చేపను నీళ్లలో తేలనిచ్చే గాలిసంచి. ఈ పాఠానికి ఆ తిత్తే కీలకం. చిన్న కత్తెర, పట్టకారు, గుండుసూదులు, పది రెట్ల భూతద్దం దగ్గర పెట్టుకోండి.

ముందు కాస్త చరిత్ర. ఎముక చేపల బాగా పాత శిలాజాల్లో ఒకటి చైనాలోని యునాన్‌లో దొరికిన గుయియు. దాని వయసు సుమారు 41.9 కోట్ల ఏళ్లు. అప్పటికే వంశం రెండుగా చీలింది. కండరెక్కల శాఖలో ఊపిరితిత్తుల చేపలు, 1938లో దక్షిణాఫ్రికా తీరంలో సజీవంగా దొరికిన సీలకాంత్ ఉన్నాయి. కప్ప, బల్లి, మనిషి కూడా ఆ శాఖలోంచి వచ్చినవాళ్లమే. అందుకే ఎముక చేపలన్నిటినీ ఒకే తరగతిగా కట్టేసే పాత పుస్తకాల పద్ధతిని ఇప్పుడు ఒప్పుకోరు. రెండోది కిరణరెక్కల శాఖ, రెక్కలను సన్నటి పుల్లలు నిలబెట్టే చేపలవి. స్టర్జన్, గార్ లాంటివి దాని పాత కొమ్మలు. ప్రాణహిత-గోదావరి లోయలోని ‘కోట’ అనే రాతిపొరల్లో జురాసిక్ కాలపు లెపిడోటెస్ అనే చేప శిలాజాలున్నాయి. మందంగా, మెరుస్తూ ఉండే ఆ గానాయిడ్ పొలుసులు చూస్తే తరవాతి చేపల పొలుసు ఎంత పలచబడిందో అర్థమవుతుంది. నేటి చేపజాతుల్లో నూటికి తొంభైకి పైగా టెలియోస్ట్‌లే, అంటే ఈ శాఖలోని తరవాతి కొమ్మవే, మన రెండు చేపలూ వాటిలోవే.

ఇక వీపు రెక్క. జిలేబిలో ముందుభాగమంతా గట్టి ముళ్లు, పదిహేనుకు పైనే. శీలావతిలో మెత్తటి పుల్లలే. ఒక పుల్లను వేడినీళ్లలో నాననిచ్చి సూదితో విడదీస్తే కుడి ఎడమ సగాలుగా విడిపోతుంది, మీద అడ్డగీతలు కనిపిస్తాయి. జిలేబి ముల్లు ఒకే ముక్క, గీతలుండవు. చాలామంది తప్పటడుగు వేసేది బంగారుతీగ (కామన్ కార్ప్) దగ్గర. దాని వీపు మీది రంపపు ముల్లు అసలు ముల్లు కాదు, గట్టిపడిన మెత్తటి పుల్ల. దాన్ని చూసి ఆ చేపను జిలేబి పక్కన చేర్చకండి.

కడుపు రెక్కలు శీలావతిలో పొట్ట నడిమిన ఉంటాయి. జిలేబిలో ముందుకు జరిగి ఛాతీ రెక్కల కిందికి వచ్చాయి. ముందుకు సాగే నోరు మాత్రం రెంటికీ ఉంది. అది చుట్టరికానికి గుర్తు కాదు, రెండు వంశాల్లో విడివిడిగా ఏర్పడింది.

గాలితిత్తి కోసం మలద్వారం నుంచి ముందుకు, పక్కగోడ వెంట కోసి పొర ఎత్తండి. పేగులను లాగొద్దు. శీలావతి తిత్తికి రెండు గదులు. వెనక గది మొదట్లోంచి సన్నటి గొట్టం ఆహారనాళంలోకి పోతుంది. పేగు లాగితే మొదట తెగేది అదే, అప్పుడు గొట్టమే లేదని రాసుకుంటారు. పేగును వెనకవైపు కత్తిరించి, ఆహారనాళాన్ని కదపకుండా ఉంచండి. జిలేబి తిత్తి ఒకటే గది, వెన్నుగోడకు అంటుకుని ఉంటుంది, గొట్టం లేదు. అందులోకి వాయువు రక్తం నుంచే చేరాలి.

శీలావతి తలను మొదటి ఐదు వెన్నుపూసలతో కలిపి సన్నసెగ మీద పది నిమిషాలు ఉడికించండి. కండ తీస్తే వెన్ను పక్కన బుల్లి ఎముకలు కనిపిస్తాయి. జతలు నాలుగు. అన్నిటికన్నా పెద్దది తిత్తి ముందు గదిని తాకుతుంది. తిత్తిలోని అదురు వీటి మీదుగా లోపలిచెవికి చేరుతుంది. పొలుసే లేని వాలుగలోనూ ఇవి ఉన్నాయి. శీలావతికి దాన్ని దగ్గర చుట్టంగా నిలిపేది ఈ ఎముకలే.

పొలుసును చివర్లో చూడండి. జిలేబి ముళ్లచేప కాబట్టి పొలుసు అంచున దువ్వెన పళ్లు ఉంటాయని ఆశిస్తారు. భూతద్దంలో నున్నటి అంచే కనిపిస్తుంది. ఆ పళ్లు కావాలంటే పులికాట్ పండుగప్ప పొలుసు తీసుకోండి, వేలికే గరుకు తెలుస్తుంది. ఒక్క పొలుసుతో వర్గీకరణ తేల్చేయకూడదు.

వచ్చే పాఠానికి కొరమీను తెచ్చుకోండి. రెక్కల్లో ముళ్లు లేవని శీలావతి పక్కన రాయొద్దు. కడుపు రెక్కలు ఛాతీ రెక్కలకు సరిగ్గా వెనకే ఉంటాయి, తోక దాకా సాగిన తిత్తికి గొట్టం ఉండదు, చెవికి చేర్చే బుల్లి ఎముకలూ ఉండవు. దాని చోటు జిలేబి వైపే.