పాత బూరుగు దూది దిండ్లను ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

తిరుపతిలో కాపురముంటే చుట్టాల రాకకు లోటుండదు. దర్శనానికని ఓ కుటుంబం దిగగానే అటక మీది పాత దిండ్లు కిందికి వస్తాయి. ముక్క వాసన, మధ్యలో గడ్డలు. వాటిని పారేయనక్కరలేదు. అయితే బకెట్లో మాత్రం నానబెట్టకండి.

బూరుగు పీచు లోపల బోలుగా ఉంటుంది, పైన సన్నని మైనపు పొర ఉంటుంది. దిండు మెత్తగా, తేలిగ్గా ఉండేది అందుకే. సబ్బు పెట్టి పిసికితే పీచు నలిగి ఉండలు కడుతుంది. నడుమ చిక్కిన తేమ ఆరక బూజు పడుతుంది. ఈకల దిండు సంగతి వేరు. దాన్ని తేలికపాటి సబ్బునీటిలో ఉతికి, లోపలిదాకా ఆరబెట్టుకోవచ్చు.

ముందు దిండును ఎండలో వేయండి. మార్చి నుంచి మే దాకా మన ఎండలకు వంక పెట్టలేం. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల తేమలో ఈ పని పెట్టుకోవద్దు. కింద గాలి ఆడేలా నులక మంచం మీద పరిచి, గంటకోసారి తిప్పుతూ, కర్రతో మెల్లగా తట్టండి. శేషాచలం మీద మబ్బు కమ్మితే వెంటనే లోపలికి తెచ్చేయండి.

వాసన పోయి గడ్డలు మిగిలితే కుట్టు విప్పాల్సిందే. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆయాసం ఉన్నవాళ్లు ఈ పని వేరేవాళ్లకు వదిలేయాలి. దీపం, అగరుబత్తి దగ్గర్లో ఉండకూడదు, ఈ దూది ఇట్టే అంటుకుంటుంది. దిండుకు ఒక పక్క మాత్రమే జానెడు విప్పి, కొత్త సంచి మూతిని దానికి పిన్నీసులతో కలపండి. చేయి లోపలికి పోనిచ్చి దూదిని కొద్దికొద్దిగా కొత్త సంచిలోకి నెట్టండి. గడ్డలను వేళ్లతో విడదీసి, నల్లటి గింజలు తగిలితే తీసేయండి. ఈ ఉపాయం తెలియక ఇల్లంతా దూది ఎగరేసుకుని, తలలో పీచులు ఏరుకునేవాళ్లే ఎక్కువ. నలిపితే పొడి రాలే దూది, నల్లమచ్చల బూజు పట్టిన దూది ఇక పనికిరావు, మొహమాటపడకండి.

కొత్త సంచికి ఒత్తైన నేత ఉన్న గట్టి నూలుబట్ట వాడాలి, లేదంటే పీచు బయటికి పొడుచుకొస్తుంది. మరీ కూరితే మెడ పట్టేస్తుంది. కాస్త వెలితిగా నింపి, రెండు వరుసల కుట్టు వేయండి.

పాత సంచిని తిరగేసి, అంటుకున్న పీచు దులిపి ఉతకండి. తలనూనె మరకల మీద కుంకుడు రసం పోసి కాసేపు ఉంచితే వదులుతాయి. దుమ్ములోని మైట్లు (కంటికి ఆనని చిన్న పురుగులు) చావాలంటే నీళ్లు 60 డిగ్రీల వేడి ఉండాలి. గలీబులకూ ఇదే వర్తిస్తుంది, వాటిని వారానికోసారి మార్చండి.

దిండ్లను మళ్లీ అటక ఎక్కించేటప్పుడు ప్లాస్టిక్ సంచి వద్దు, పాత నూలు చీరలో మూట కట్టండి.